నారింజ రంగు రిబ్బను

“ఇత్తడి పలక మీద పేరు చెక్కించేశాను. ఇప్పుడు నువ్వు కొత్త పేచీ పెట్టకు, డెట్లెఫ్,” అంది గుడ్రున్, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంటూ.

డెట్లెఫ్ ప్లమ్ కేకు ముక్క ఆమె ముందుకు జరిపాడు. కాఫీ పోసి, కూజాను బల్ల మీద బోర్లించి ఉన్న ఓ కాగితం మీద పెట్టాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు, అప్పుడూ ఇలాగే పోట్లాడుకునేవాళ్లు. ముప్పై ఏళ్లు రికార్డుల గదిలో పనిచేసి రిటైరైన డెట్లెఫ్‌కి పాత సైనిక పతకాల పిచ్చి. అందుకే పదిహేను రోజుల కిందట గుడ్రున్ ఓ రిబ్బన్ల పట్టీ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

వేలెడంత పట్టీ. పతకాలకు బదులుగా మామూలు రోజుల్లో కోటు మీద పెట్టుకునే రిబ్బన్లు మూడు, పక్కపక్కన కుట్టి ఉన్నాయి. గుడ్రున్ తాత ఎవాల్డ్ టెగ్ట్‌మయర్ రాతబల్లలో, సొరుగు వెనక ఇరుక్కుని దొరికింది. ఆదివారం ఊళ్లో తుపాకీ షూటింగు క్లబ్బు ఉత్సవం. హాల్లో అద్దాల పెట్టె, అందులో పట్టీ, కింద తాత పేరు. బ్యాండు వాయిస్తారు, మేయరు వస్తాడు. దీనికోసం ఆర్నెల్లుగా ఆమె కాళ్లరిగేలా తిరిగింది.

“ఇది మీ తాతది కాదు,” అన్నాడు డెట్లెఫ్.

“మా తాత బల్లలో దొరికింది మా తాతది కాక మీ తాతదా?”

తాతల సొరుగుల్లో దొరికిందల్లా తాతలదేనని నమ్మడం ఆ ఊళ్లో అందరికీ అలవాటే. ఏ బల్ల ఏ ఇంటి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. అడిగినవాడి మీద మాత్రం కోపం వస్తుంది.

“మీ తాతకి ఈత వచ్చా?”

“ఈతకీ దీనికీ ఏంటి సంబంధం? ఆయన నది వైపే వెళ్లేవాడు కాదు. నా పెళ్లి విందు వేజర్ నది మీద పడవలో పెడితే రానని ఇంట్లో కూర్చున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంట.”

“మొదటిది ఐరన్ క్రాస్ రిబ్బను, యుద్ధంలో ధైర్యానికి ఇచ్చేది. అది మీ తాతకీ వచ్చింది, కాదనను. రెండోది చూడు. నారింజ రంగు, తెల్ల అంచులు. అది యుద్ధానికి ఇచ్చేది కాదు. తన ప్రాణానికి తెగించి ఇంకొకరి ప్రాణం కాపాడితే ఇచ్చేవాళ్లు. గెజెట్లన్నీ తిరగేశాను. మన జిల్లాలో అది వచ్చింది ముగ్గురికే. ఇద్దరు మొదటి యుద్ధంలోనే పోయారు.”

“అయితే?”

“మూడో రిబ్బను పందొమ్మిది వందల ముప్పై నాలుగులో పాత సైనికులకి ఇచ్చిన గౌరవ క్రాస్‌ది. అంటే అప్పటికి ఆ మనిషి బతికి ఉండాలి. ఇక మిగిలింది ఒక్కడే. జీగ్‌ముండ్ లీలియెన్‌ఫెల్డ్. మీ వీధిలో ఉండేవాడు, పశువుల డాక్టరు, యూదుడు.”

గుడ్రున్ ముఖం ఎర్రబడింది. “యూదుడికి ముప్పై నాలుగులో క్రాస్ ఇచ్చారా? ఎవరికి చెబుతావు ఈ కథ?”

“ఇచ్చారు. మొదటి యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే చాలు, ఇచ్చారు. ఆయన పెట్టుకున్నాడు. కోటుకి తగిలించుకుంటే తన జోలికి రారనుకున్నాడేమో. ఎనిమిదేళ్ల తర్వాత ఆయన్నీ భార్యనీ శిబిరానికి పోయే రైలెక్కించారు. ఆ తర్వాత వాళ్ల ఇంట్లో సామానంతా వేలం వేశారు.” వేలం జాబితా నకలు ఆమె ముందు పెట్టాడు. “ఓక్ చెక్క రాతబల్ల, ఒకటి. కొన్నదెవరో చదువు.”

గుడ్రున్ చదివింది. ఆ బల్ల ఇప్పటికీ ఆమె ఇంట్లోనే, కిటికీ పక్కన ఉంది.

“అందరూ కొన్నారు,” అంది పళ్లు నూరుతూ. “మీవాళ్లు కొనలేదా?”

“మా అమ్మమ్మ దుప్పట్లు కొంది. నేను వాటిలోనే పడుకుని పెరిగాను. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. కానీ వాటికి నేను అద్దాల పెట్టె చేయించలేదు.”

ఆమె బల్ల మీద చరిచింది. కాఫీ ఒలికింది.

“ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి,” అన్నాడు డెట్లెఫ్ గొంతు తగ్గించి. “పలక మీద పేరు మార్పించు. ఆయన పేరు పెట్టు. నేనడిగేది అంతే.”

“మార్చను. ఊరందరి ముందూ మా తాతని దొంగని చేసి నిలబెట్టమంటావా? ఆ డాక్టరు పేరు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ఆయనెవరో, మేమెవరో.”

“ఒకే వీధి, గుడ్రున్.”

“ఒకే వీధైతే? ఒకరి ముఖం ఒకరు చూసుకుని కూడా ఉండరు. ఆయనకి మా తాత ఏం బాకీ పడ్డాడని ఇంత రాద్ధాంతం చేస్తున్నావు?”

ఆ కాగితం చూపించకుండానే ఆమెను ఒప్పించాలనుకున్నాడు డెట్లెఫ్. ఇక అతని ఓపిక అయిపోయింది. కూజా తీసి పక్కన పెట్టాడు. బోర్లించిన కాగితాన్ని తిప్పి, ఒక వరుస మీద వేలు పెట్టాడు.

గుడ్రున్ కళ్లజోడు పెట్టుకుంది. 1907 ఫిబ్రవరి గెజెట్. గడ్డకట్టిన వేజర్ నది మీద మంచు పగిలింది. జీగ్‌ముండ్ లీలియెన్‌ఫెల్డ్ అనే పంతొమ్మిదేళ్ల విద్యార్థి రెండుసార్లు ఆ మంచు కిందికి దూకాడు.

అతను పైకి తీసిన పిల్లవాడు: ఎవాల్డ్ టెగ్ట్‌మయర్, ఎనిమిదేళ్లు.