చుక్క పడని పొగ

జీపు సాన్ ఫెర్మిన్ పొలిమేర దాటేసరికి విల్మార్ తల దించుకున్నాడు. అది అతని సొంత ఊరు.

పొద్దున ఆఫీసులో అందరి ముందూ నెలిదా అతణ్ని కడిగేసింది. ఉపగ్రహ చిత్రాల్లో పొగ ఈ ఊరి మీద నుంచే లేస్తోంది. గాలికి సాగి సాంతా క్రూజ్ నగరం మీద కూర్చుంటోంది. అక్కడ పిల్లలు దగ్గలేక చస్తున్నారు, బడులు మూసేశారు. మంట ఉన్నచోట తెర మీద ఎర్రచుక్క పడాలి. ఈ ఊళ్లో ఒక్క చుక్కా పడడం లేదు.

విత్తే ముందు నరికిన కంపను తగలబెట్టడం ఇక్కడ తాతల నాటి అలవాటు. ఉపగ్రహం దాటిపోయేదాకా ఆగి నిప్పు పెట్టడమే కొత్త తెలివి.

"ఆ వేళ వాళ్లకెలా తెలిసింది? నీ చుట్టాలేగా! ఊళ్లో ఒక్కరు నీ పేరు చెప్పినా ఉద్యోగం ఊడుతుంది," అంది నెలిదా. మంటలు కనిపెట్టి జరిమానా వేసే ఆ ప్రభుత్వ విభాగానికి ఆమే అధికారి.

"నేను చెప్పలేదు మేడం."

ఎవరూ నమ్మలేదు. నిన్నటిదాకా పక్కన కూర్చుని తిన్నవాళ్లే మొహాలు తిప్పుకున్నారు. సిగ్గుతో సగం చచ్చాడు పాపం.

ఊళ్లోనూ మర్యాద దక్కలేదు. మేనత్త కాసిల్దా గడపలోంచే అందుకుంది.

"వచ్చాడండీ దొరగారు! కంప కాల్చాడని సొంత మామకి జరిమానా పడుతుంటే బొమ్మలా చూసినోడివి, ఏ మొహం పెట్టుకుని వచ్చావురా? ఆకాశంలో ఆ కన్ను ఎప్పుడొస్తుందో ఒక్క ముక్క చెప్పుంటే నీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. విల్మార్ చెవులు ఎర్రబడ్డాయి. ముందే అనుకుని ఆడుతున్న నాటకం అనుకుంది జీపులో కూర్చున్న నెలిదా. ఇలాంటివి ఆమె చాలా చూసింది.

"నమస్కారమండీ, నేను నెలిదాని," అంటూ జీపు దిగింది.

ఆ గొంతు వినగానే కాసిల్దా మొహం విప్పారింది. పరుగున వచ్చి కావలించుకుంది. ఎవరో కుర్చీ వేశారు. ఇంకెవరో వేడివేడి కున్యపే రొట్టెలు, గ్లాసు నిండా చల్లటి మొక్కజొన్న సోమో తెచ్చారు. విల్మార్‌కి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. జనంతో కలిసిపోవడం తనకు చేతనవును అని నెలిదా లోలోపల మురిసిపోయింది.

రొట్టె తిని చేతులు దులుపుకుని అసలు మాటకొచ్చింది.

"ఉపగ్రహం వచ్చే వేళ మీకు చెప్పిందెవరు? భయపడకండి. మీకు జరిమానా ఉండదు, నాదీ పూచీ. చెప్పినవాళ్ల ఉద్యోగం మాత్రం ఉండదు."

కాసిల్దా నవ్వు ఆగిపోయింది. ఊరివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అలా అనకు తల్లీ. పుణ్యం కట్టుకున్న మనిషి కడుపు కొడతావా?"

"పేరు చెప్పండి," అంటూ నెలిదా విల్మార్ వైపు చూసింది. అతను కళ్లు తుడుచుకుంటున్నాడు.

కాసిల్దా ఆమె చెయ్యి పట్టుకుని, బతిమాలుతున్నట్టు అంది:

"పోయిన నెల రేడియోలో 'మా ఉపగ్రహం రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకి మీ నెత్తి మీదుగా వెళ్తుంది, దాని కన్ను ఎవరూ కప్పలేరు' అని చెప్పింది నువ్వే కదమ్మా!"