డెల్మర్ అట్టకు పడ్డ చిల్లు

మర్నాటి నుంచి జింకల వేట. పశ్చిమ వర్జీనియా కొండల్లో చీకటి పడినా డెల్మర్ ఇంకా తుపాకీతో కుస్తీ పడుతూనే ఉన్నాడు. ఇరవై గేజ్ గొట్టంది, ఒకసారికి ఒక్క తూటా మాత్రమే పట్టే చిన్న తుపాకీ. గురి చూడ్డానికి దాని మీద బిగించిన స్కోపు కాల్చినప్పుడల్లా కదిలిపోతోంది. ట్రక్కు లైట్ల వెలుగులో, గురి కోసం మట్టికట్టకు ఆనించిన అట్ట మీద తూటాలన్నీ ఎడమకే పడుతున్నాయి.

“బావా, జింకనే కాస్త ఎడమకి జరిగి నిలబడమందామా?” అన్నాడు బావమరిది హోయ్ట్.

“నోర్మూసుకుని ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు. ఈసారి మాంసం తేకపోతే మీ అక్క నన్నే వండుతుంది.”

మళ్లీ స్కోపు బిగించి, ఊపిరి బిగబట్టి కాల్చాడు. ఒక్కటే మోత. అట్ట నడిమధ్యన చిల్లు కనిపించింది.

“పడింది బావా!”

ఇద్దరూ పరిగెత్తారు. తీరా చూస్తే డెల్మర్ తూటా ఎప్పటిలాగే ఎడమన కొత్త చిల్లు చేసింది. నడిమధ్యన చిల్లు వేరే. దాని అంచులు తమవైపు విచ్చుకుని ఉన్నాయి.

“ఇది వెనకనుంచి వచ్చింది,” అన్నాడు హోయ్ట్ మెల్లగా.

“వెనక మట్టి తప్ప ఏముందిరా?”

డెల్మర్ విసురుగా అట్ట పీకేశాడు. మట్టికట్టలో వేలు పట్టేంత కన్నం. వేలు పెట్టాడు. లోపల వెచ్చగా ఉంది.

అప్పుడు ఆ మట్టి లోపల ఎవరో తుపాకీ తెరిచి, ఇంకో తూటా పెట్టి, టక్కున మూసిన చప్పుడు ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది.