గుర్తు పెట్టిన కొమ్మ

“అయ్యయ్యో! ఏం కోశారండీ మీరు!”

పిన్ని కేకకి దర్జీ బాబాయి చేతిలోని పెద్ద కత్తెర ఆగిపోయింది. ఆగి లాభమేముంది, కొమ్మ అప్పటికే కింద పడింది. దాంతోపాటు గూడూ పడింది. గూట్లోంచి దొర్లిన ఒకే ఒక్క గుడ్డు మెత్తటి బురదలో ఆగింది.

“గుర్తు పెట్టారు కదే! ఎర్ర రిబ్బను కట్టి మరీ పెట్టారు,” అన్నాడు బాబాయి నీళ్లు నములుతూ.

“ఆ గుర్తు పెట్టింది ముట్టుకోవద్దని! పొద్దున ఇక్కడి మేడం అంత గొంతు చించుకుని చెప్తే మీ చెవులెక్కడ పెట్టుకున్నారు?”

చెవులు అక్కడే ఉన్నాయి, చేతులతోనే వచ్చింది చిక్కు. గుర్తు కనిపిస్తే దాని మీద కత్తెర నడిపించడం తప్ప ఆ చేతులకు ఇంకోటి తెలియదు. ఆదివారాలు దుకాణం మూసి, భార్యాభర్తలిద్దరూ ఈ పక్షుల మడుగుకి వచ్చి ఉచితంగా పనిచేస్తారు. ఆవిడ చెత్త ఏరుతుంది, ఆయన బాట మీదకి పెరిగిన పొదలు కత్తిరిస్తాడు. బాబాయి కత్తిరించిన పొద కొత్త చొక్కా కాలరులా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు. మెచ్చుకుంటే మనిషి ఊరుకుంటాడా? ఇంకో రెండు పొదలు ఎక్కువే కత్తిరిస్తాడు.

తలపైన తల్లిపక్షి గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు. ఆ జాతి మడుగు ముఖం చూసి ఏళ్లు గడిచాయి. ఈసారి వచ్చి గూడు కట్టింది ఇదొక్కటే. కాకులు తినగా మిగిలింది ఆ ఒక్క గుడ్డే. అక్కడ పనిచేసే వాళ్లందరి ప్రాణాలూ దాని మీదే ఉన్నాయి.

“పదండి, మేడంకి చెప్పేద్దాం,” అంది పిన్ని.

“నీకేమైనా మతిపోయిందా? వచ్చే వారం మనల్ని గేటు దగ్గరే ఆపేస్తారు. దర్జీ బాబాయి గుడ్డు పగలగొట్టాడని ఊరంతా చెప్పుకుంటారు.”

“పగల్లేదు కదండీ!”

“నేనూ అదే అంటున్నా. ఇక్కడ వదిలేస్తే కాకుల పాలవుతుంది. ఇంటికి తీసుకెళ్లి పొదిగిద్దాం. పిల్లయ్యాక తెచ్చిచ్చేద్దాం.”

“ఎవరు పొదుగుతారు, మీరా?”

 బాబాయి గుడ్డును రుమాలుతో తుడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. కొమ్మనీ గూటినీ కాలితో పొద వెనక్కి తోసేశాడు. పక్షి అరుపు గేటు దాకా వెంటబడి వచ్చింది. గేటు దగ్గర మడుగు బాధ్యతలు చూసే మేడం ఎదురై, “ఏం బాబాయ్ గారూ, అప్పుడే బయల్దేరారు?” అంది నవ్వుతూ. బాబాయి తేలు కుట్టిన దొంగలా తలాడించి జారుకున్నాడు.

ఇంట్లో ఆ గుడ్డుకు జరిగిన మర్యాద ఏ కొత్తల్లుడికీ జరిగి ఉండదు. ఉన్ని పీలికలతో పరుపు వేశాడు. ఇస్త్రీపెట్టె కాస్త వేడిచేసి పక్కన పెట్టాడు. ఎక్కువైందేమోనని తీశాడు, చల్లారిందేమోనని మళ్లీ పెట్టాడు. భోజనం మధ్యలో రెండుసార్లు లేచొచ్చి చూసుకున్నాడు.

“ఏమే, లోపల ఏదో కదిలింది. ఇటు రా, విను.”

పిన్ని చెవి ఆనించింది. “కదిలింది గుడ్డు కాదు, మీ చెయ్యి.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“పాపం, ఆ తల్లి ఇంకా అక్కడే తిరుగుతోందేమో,” అంది ఆవిడ.

“ఆ మాట మాత్రం అనకే. ఇందాకట్నుంచి అదే అరుపు వినబడుతోంది నాకు. పాపిష్టి చేతులు, విరిగిపోయినా బాగుండేది.”

తెల్లవారేసరికి బాబాయి ముఖం పీక్కుపోయింది. “చెప్పేస్తానే, ఇక నావల్ల కాదు,” అన్నాడు. పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

మేడం తన గదిలో బల్ల ముందు కూర్చుని ఉంది. బాబాయి గుడ్డు తీసి ఆమె ముందు పెట్టాడు.

“మేడం, నన్ను చెప్పుతో కొట్టండి. రిబ్బను కట్టిన కొమ్మ కోసేశాను. భయమేసి దీన్ని ఇంటికి పట్టుకుపోయాను. ఇది బతికితే చాలు, మళ్లీ ఈ గడప తొక్కను.”

 మేడం గుడ్డు తీసుకుని బల్లకేసి కొట్టింది. టక్‌మంది గానీ పగల్లేదు.

“ఇది ప్లాస్టరు గుడ్డు, బాబాయ్ గారూ. కాకుల భయానికి అసలుది మేమే తీసి, పొదిగే పెట్టెలో పెట్టాం. తల్లి గూడు వదిలి పోకుండా దాని కింద ఈ బొమ్మని ఉంచాం. గుడ్ల దొంగల చెవిన పడకూడదని ఎవరికీ చెప్పలేదు.”

బాబాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. “అంటే, అసలు గుడ్డు క్షేమమేనా? రాత్రంతా నేను బొమ్మకా సేవలు చేసింది?”

“ఇంకా నయం, దానికో గౌను కుట్టారు కాదు,” అని పిన్ని పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బాబాయి కూడా గోడకి చేరగిలబడి నవ్వాడు.

మేడం నవ్వలేదు. పక్కనున్న పెట్టె మూత తీసింది. లోపల, ఒళ్లింకా ఆరని పిల్ల ఒకటి మెడ నిలవక ఊగుతూ నోరు తెరుచుకుని ఉంది.

“ఇందాకే గుడ్డులోంచి బయటికొచ్చింది. మనం పెడితే తినదు, ఈ జాతి పిల్లకి తల్లే నోటికందించాలి. దాని కింద పెట్టేద్దామని పొద దగ్గరికి వెళ్తే అక్కడ గూడే లేదు. నిన్న గేటు దగ్గర మీరొక్క మాట చెప్పుంటే, గూడు మళ్లీ కట్టి ఆ బొమ్మని అందులో పెట్టేసేవాళ్లం.”

“ఇప్పుడు కట్టేద్దాం మేడం! నేను కడతాను, తల్లి అక్కడే ఉంటుంది,” అంటూ బాబాయి గుమ్మం వైపు పరుగెత్తబోయాడు.

“రాత్రంతా ఉందట, కాపలావాడు చెప్పాడు, బాబాయ్ గారూ. తెల్లారేదాకా చూసి, ఇప్పుడే ఎగిరిపోయింది.”