ఖాళీ గడి

పెద్ద వరదకు వంతెన కొట్టుకుపోయిందే, ఆ మరుసటేడు. మందుగుండు కర్మాగారం నుంచి విచారణాధికారి జవాను ఇంటికి వచ్చి, కుర్చీ లాక్కోకుండానే అడిగాడు.

"ఏమయ్యా, మీ బామ్మర్ది గంజాయి తాగేవాడట?"

ఆ కర్మాగారం లోపలి గేటు దగ్గర కాపలా జవానుదే. లోపల కరెంటు పనికి బామ్మర్దిని తీసుకోబోతున్నారు. ఈ విచారణ ఒక్కటి గట్టెక్కితే చాలు.

"ఎవడన్నాడు సార్? వాడా! బీడీ వాసనకే తుమ్ముతాడు."

అంటూనే కిటికీలోంచి ఎదురింటి టైలరు వంక చూశాడు. వాడే ఈయన చెవిలో ఊది ఉంటాడు. కాకపోతే వాడి పెళ్ళాం.

"అటెందుకు చూస్తావు? నీ బామ్మర్దే దరఖాస్తులో రాశాడు." అధికారి సంచిలోంచి కాగితం తీశాడు. "ఆరేళ్ళ కిందట, ఎనిమిది నెలలు తాగాడట. తర్వాత మానేశాడట."

ఇంకేం రాసి తగలడ్డాడో వీడు! జవాను మెడ సాచి చూడబోతే అధికారి కాగితాన్ని అరచేత్తో కప్పేశాడు.

"నువ్వెందుకయ్యా అబద్ధమాడావు?"

"ఇంటి పిల్లాడు కదా సార్... నోరు జారింది."

"మానేసినట్టు డాక్టరు కాగితం ఉంది. దాన్ని మేం పట్టుకు వేలాడం. చిక్కల్లా ఇక్కడే." ఒక గడి మీద వేలు ఆనించాడు. "ఎవరిచ్చారని అడిగితే ఖాళీగా వదిలేశాడు. పిలిపించి అడిగినా పెదవి విప్పలేదు."

"మర్చిపోయాడేమో సార్."

"ఎనిమిది నెలలు ఇచ్చినవాణ్ణి మర్చిపోతాడా? వీడి జుట్టు ఇంకా ఎవడి చేతిలోనో ఉంది. రేపు వాడొచ్చి 'తలుపు తియ్యరా' అంటే తీసేస్తాడు. అలాంటివాణ్ణి మందుగుండు మధ్యకి ఎలా పంపను? రేపు పదింటికి 'పనికిరాడు' అని రాసి పారేస్తా. ఈలోగా పేరు చెప్పించు."

అధికారి గడప దాటాడో లేదో, వంటింట్లోంచి జవాను భార్య విసురుగా వచ్చింది.

"విన్నారా? రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే తగిలిన పని! నా తమ్ముడి నోట్లో మట్టి కొట్టినవాడెవడో గానీ, వాడి చెయ్యి పడిపోను!"

"కాసిని మంచినీళ్ళియ్యి," అన్నాడు జవాను.

"నీళ్ళు తర్వాత. వాడు రాగానే నాలుగు తగిలించి పేరు కక్కించండి. మీరంటేనే వాడికి భయం."

దీపాలు పెట్టే వేళకు బామ్మర్ది వచ్చాడు. జవాను వాకిట్లోనే అడ్డం నిలబడి గొంతు తగ్గించాడు.

"అంతా రాసి చచ్చినవాడివి, ఆ ఒక్క పేరు రాయడానికేం రోగంరా?"

బామ్మర్ది వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అక్క వైపు చూశాడు. తర్వాత బావ వైపు చూశాడు.

"పోతే పోయిందిలే బావా. ఇంకో పని దొరక్కపోదు."

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికే జవాను విచారణాధికారి బల్ల ముందు నిలబడి, ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. ఖాళీ గడిలో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరే రాసి, మెడలోని గేటు పాసు తీసి దాని మీద పెట్టాడు.