కోడి కూర్చున్న సోఫా

అయినా ఆ కొత్త సోఫా స్పాంజి మెత్తగా ఉంటుందని కోడికెలా తెలిసింది? జంపయ్యే ఇంకా దాని మీద కూర్చోలేదు. తోడల్లుడు వీరన్న చూస్తుండగా, కాలు మీద కాలేసుకుని మొదటిసారి కూర్చోవాలని కొన్నప్పటి నుంచీ ఆగాడు. ఈలోగా కోడి సోఫా మూలన గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టింది.

"కొండమ్మా, దాన్ని గంపలకు మార్చవే. మీ బావ పినపాకల బస్సు దిగినట్టు మిస్డ్‌కాల్ ఇచ్చిండు," అన్నాడు భార్యతో.

"పొదిగేదాన్ని లేపితే గుడ్లన్నీ మురుగుతయి. నీ సోకు కోసం కోడిపిల్లల్ని పోగొట్టుకుంటనా?"

"మరి ఆయన యాడ కూసుంటడు?"

"ఎప్పుడు కూసునే చాప లేదా?"

జంపయ్య తనే చెయ్యి చాచాడు. కోడి పొడిచింది. వేలు నోట్లో పెట్టుకుని తిరిగేసరికి గుమ్మంలో వీరన్న.

"ఓ, సోఫా! గిదెప్పుడు కొన్నవ్ తమ్మీ?"

"మీ ఇంట్ల చూసినంక, అన్నా," అనేసి జంపయ్య నాలుక కరుచుకున్నాడు.

వీరన్న చాప మీద కూలబడి, కాళ్లు బారజాపి, హాయిగా నడుం వాల్చాడు.

"మా దాని మీద నన్ను కూసోనిస్తే గదా మీ వదిన! మాసిపోతదట. అది వచ్చినంక ఇంట్ల చాప పరిసే జాగ గూడ లేకపాయె. గడప మీదనే కూసుంటున్న. అదృష్టమంటే నీదే తమ్మీ."

జంపయ్య ఎదురుచూసిన అసూయ వీరన్న కళ్లలో నిజంగానే కనిపించింది. కాకపోతే ఆ కళ్లు చాపను చూస్తున్నాయి. ఇన్నాళ్లూ తనకు కావాల్సింది సోఫానా, ఆ చూపా?

లోపలికి వెళ్లి గుప్పెడు నూకలు తెచ్చి, కోడి ముందు, కొత్త సోఫా గుడ్డ మీదే పోశాడు.