కెమెరా ముందు కుర్చీ

పది గంటల ఐదు నిమిషాలకు, తమిళనాడులోని తెలుగు ఊరు అత్తిమంజేరిపేటలో కరెంటు పోయింది.

పదకొండుకు జ్యోతిక ఇంటర్వ్యూ.

"ఎప్పుడొస్తాదంట బావా?"

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందంట. సాయంత్రమే," అన్నాడు గోకుల్.

"బండి తియ్యి. తిరుత్తణి పోదాం."

"గంటలోపలనా?"

"ముక్కాలు గంటలో పోవల్ల."

అది విదేశీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు. ఉద్యోగం చెన్నై ఆఫీసులో. ఆన్‌లైన్ పరీక్ష, లెక్కల రౌండు, ఆపైన ఇంకో రెండు దాటి ఐదో రౌండుకు వచ్చింది జ్యోతిక. మూడు వేల మందిలో మిగిలింది ఇద్దరు. ఉద్యోగం ఒకటే.

ఆ రెండో మనిషి ఎవరో ఆమెకు తెలియదు. నెల రోజులుగా మాత్రం ఆ మనిషిని ఓడించాలనుకునే పడుకుంటోంది, ఓడించాలనుకునే లేస్తోంది.

పదకొండు నుంచి ఇద్దరూ కంప్యూటర్ ముందు సిద్ధంగా ఉండాలని మెయిల్. ఎవరిని ముందు పిలుస్తారో చెప్పరు. పిలిచినప్పుడు పలకకపోతే పేరు కొట్టేస్తారు.

పదీ యాభై రెండుకు తిరుత్తణి బస్టాండు పక్కన, నటరాజ్ నెట్ సెంటర్ ముందు బండి ఆగింది.

"కెమెరా పనిచేసే కంప్యూటర్ ఒకటేమ్మా," అన్నాడు నటరాజ్ తమిళంలో. "అందులో ఆయన కూర్చున్నాడు."

అద్దాల గదిలో ముప్పై ఏళ్ల మనిషి. నీలం టై. ఎదురుగా తెర మీద అతని మొహమే కనిపిస్తోంది.

"చూడు బావా, టై కట్టుకోని సొంత మొగమే చూసుకుంటా ఉండాడు. పెండ్లిచూపులేమో!"

"ఆ మొగానికి పిల్లనెవరిస్తారు?"

గట్టిగానే అన్నారు. వాళ్ల ఊరివాళ్లకు అది పాత అలవాటు. మాట దాచుకోవాలంటే గొంతు తగ్గించరు, తెలుగులోకి మారతారు.

జ్యోతిక తలుపు తోసి తమిళంలో అడిగింది.

"సార్, నాకు ఇంటర్వ్యూ. మా ఊళ్లో కరెంటు పోయింది. ఏడు నిమిషాలే ఉన్నాయి. మీ పని కొంచెం తర్వాత చూసుకోగలరా?"

"ఏ కంపెనీ?"

చెప్పింది.

అతను ఆమెను ఒక్క క్షణం చూశాడు. దుమ్ము కొట్టుకుపోయిన జుట్టు. చంకలో ఫైలు.

"కూర్చోండి. నేను ఫోన్లో చూసుకుంటాను," అన్నాడు తమిళంలోనే.

లేచే ముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాశాడు. మడిచి కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

"కాగితం మరిచిపోయినాడే," అంది జ్యోతిక.

కెమెరా కిందికి వాలిపోతోంది. ఆ కాగితాన్నే ఇంకో మడత పెట్టి దాని కింద దూర్చింది. కెమెరా నిలబడింది.

పదకొండు. తెర మీద 'దయచేసి వేచి ఉండండి' అని వచ్చింది.

అద్దంలోంచి రోడ్డు కనిపిస్తోంది. టై మనిషి ఎండలో నిలబడి ఫోను మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. రెండో చేత్తో చెవి మూసుకున్నాడు. వెనకాల బస్సు హారన్లు. "అరక్కోణం, అరక్కోణం" అని కండక్టర్ కేకలు. అతను నాలుగడుగులు ఇటు జరిగితే ఇంకో బస్సు వచ్చి పక్కనే ఆగింది.

"పిల్ల ఒప్పుకోలేదు మాదిరి ఉండాది," అన్నాడు గోకుల్.

జ్యోతిక నవ్వు ఆపుకుంది.

పదకొండూ ఇరవైకి తెర వెలిగింది. అటువైపు ఒక మేనేజర్ మేడమ్, ఇద్దరు మగవాళ్లు.

"ఒక మనిషిని మీరు తప్పుగా అంచనా వేసిన సందర్భం చెప్పండి," అంది మేడమ్ ఇంగ్లీషులో.

మొదటి ప్రశ్నే అది. జ్యోతిక తడబడింది. కాలేజీ ప్రాజెక్టు, మాట్లాడని స్నేహితురాలు అంటూ అప్పటికప్పుడు ఏదో అల్లింది. మేడమ్ తల పైకెత్తకుండా రాసుకుంది.

తర్వాత లెక్కలు. అక్కడ జ్యోతిక ఎవరికీ తగ్గలేదు. ఒక కంపెనీ విలువ ఎంతో కట్టి చూపించింది. ఎదురు ప్రశ్నలు నాలుగడిగితే నాలుగూ తిప్పికొట్టింది.

"రేపు మెయిల్ వస్తుంది," అంది మేడమ్ చివర్లో. "కానీ దాచడానికేమీ లేదు. రెండో అభ్యర్థి ఫోన్లో వచ్చారు. మాకు ఆయన మాట ఒక్కటీ వినపడలేదు. ఎవరో 'అరక్కోణం' అని అరవడం తప్ప."

జ్యోతిక నవ్వబోయి ఆగిపోయింది.

తెర ఆరిపోయింది. ఆమె రోడ్డు మీదికి పరుగెత్తింది.

"టై కట్టుకున్నాయన ఏరీ?"

"ఇప్పుడే బస్సెక్కాడు," అన్నాడు నటరాజ్. రిజిస్టర్ తిప్పి చూపించాడు. హేమనాథ్. అంతే. ఫోన్ నంబర్ లేదు.

"ఏమయింది? ఉద్యోగం వచ్చిందా లేదా?" వెనకాలే వచ్చాడు గోకుల్.

"వచ్చినట్టే బావా. ఆ రెండో మనిషి ఈయనే," అంటూ జ్యోతిక లోపలికి వెళ్లి కెమెరా కింది కాగితం లాగింది. కెమెరా తల వాల్చేసింది.

అక్షరాలు తమిళం. మాటలు తెలుగు.

'చెల్లెమ్మా, పోయిన సంవత్సరం నన్ను వాళ్లు మొదట అడిగింది ఇది. ఒక మనిషిని తప్పుగా అంచనా వేసింది ఎప్పుడు అని. నేను కత అల్లినాను, పట్టేసినారు. నువ్వు జరిగింది చెప్పు.'

గోకుల్ భుజం మీంచి చదివాడు.

"తెలుగాయనా!"

జ్యోతిక మళ్లీ కెమెరా ముందు కుర్చీలో కూర్చుంది.

"ఏం చేస్తావు? వచ్చింది పోగొట్టుకుంటావా? నోరు మూసుకోనుండు జ్యోతీ!"

ఆమె ఒక చేత్తో కెమెరాను సరిగ్గా ఎత్తి పట్టుకుంది. రెండో చేత్తో మళ్లీ ఇంటర్వ్యూ లింకు నొక్కింది.

తెర వెలిగింది. ముగ్గురూ ఇంకా అక్కడే ఉన్నారు.

"ఏమైనా మర్చిపోయారా?" అంది మేడమ్.

"మీ మొదటి ప్రశ్నకు నేను చెప్పింది అబద్ధం మేడమ్. నిజమైన జవాబు ఇప్పుడు దొరికింది. నేను తప్పుగా అంచనా వేసిన మనిషి, మీకు మాట వినపడని ఆ అభ్యర్థే. నేను కూర్చున్న ఈ కుర్చీ ఆయనది."