ముక్కెత్తిన జైరోప్లేన్

మొదట్లో ఆ పాత ఇనుము వ్యాపారి చేతిలో ఉన్నవి మూడే. తుక్కులో కలిసొచ్చిన ఒక మంచి ఇంజను, లేత్ షాపు నడిపే ఒక బావమరిది, ఎగరాలని చిన్నప్పటినుంచీ తహతహలాడే ఒక భార్య.

భార్య ఊరి చివర ఫ్లయింగ్ క్లబ్బులో జైరోప్లేన్ నడపడం నేర్చుకుంది. నెత్తిన గాలికి తిరిగే పొడవాటి రెక్కలు, వెనక ఇంజను, ముందు ఒక సీటు. అంతే బండి. "మనమే ఒకటి కట్టుకుందామండీ" అని ఆమె అన్నప్పుడల్లా, "ఈ ఏడాది గడవనీ" అనేవాడు. అలా వాయిదాల్లోనే ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఇంజను కంటపడ్డాక ఇక సాకు దొరకలేదు.

అతను స్టూలెక్కితే కళ్ళు తిరిగే మనిషి. కానీ తూకంలో అతన్ని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని బజారంతా ఒప్పుకుంటుంది.

దుకాణం వెనక షెడ్డులో పని మొదలైంది. అన్నిటికన్నా కీలకం, పైరెక్కల్ని మోసే స్తంభం కొసన బిగించే రెండు అల్యూమినియం పలకలు. మనిషితో సహా యంత్రం బరువంతా ఆ పలకల్లో దూరే ఒక్క బోల్టు మీదే వేలాడుతుంది. అతను కొలిచి గీసిన చోట బావమరిది కోసి రంధ్రం చేస్తే, మళ్ళీ అతనే ఆకురాయితో అంచులు రాసి, గరుకు కాగితంతో నున్నచేసి, ముఖం కనపడేదాకా మెరుగు పెట్టాడు. ఇవాళ గీత మిగిలితే రేపటికి పగులవుతుంది.

రంధ్రం సరైన చోట పడిందో లేదో తేల్చడానికి ఒకటే దారి. ఆ బోల్టుకు గొలుసు తగిలించి, యంత్రాన్ని షెడ్డు దూలానికి వేలాడదీయాలి. నడిపే మనిషి సీట్లో కూర్చోవాలి. ముందున్న ఆ బరువుకు ముక్కు కాస్త కిందికి వాలితే సరి. పైకి లేస్తే, గాలిలో ప్రాణం మీదికొస్తుంది.

ఆమె కూర్చుంది. ముక్కు క్లబ్బు నుంచి తెచ్చిన డ్రాయింగులో చెప్పినంతే వాలింది.

"మొదటి దెబ్బకే! నీ చెయ్యి బంగారం బావా," అన్నాడు బావమరిది.

తర్వాత అంతా విప్పి రంగులు వేశారు. పెడళ్ళు, ట్యాంకు పట్టీలు తయారయ్యాయి. ఈలోగా వానలు వచ్చి వెలిశాయి. మళ్ళీ వేలాడదీసి ఆమెను కూర్చోబెడితే, ముక్కు పైకి లేచింది.

అతను ఇంజను తూచాడు. ట్యాంకు తూచాడు. డబ్బాల్లో మిగిలిన రంగు తూచి, ఎంత పూశారో తేల్చాడు. ఎక్కడా తేడా లేదు. ఇక తూచాల్సింది ఏదీ మిగల్లేదనుకున్నాడు.

"రంధ్రమే తప్పురా," అని రెండో జత మొదలుపెట్టాడు. రంధ్రం కాస్త జరిపారు. మళ్ళీ రోజుల తరబడి అరగదీత, మెరుగు. తీరా బిగించి చూస్తే, మళ్ళీ ముక్కెత్తింది.

"తుప్పు పిసికే చేతికి ఇలాంటి పని ఎందుకు చెప్పు!" అని తనను తానే తిట్టుకున్నాడు.

ఆమె దిగి, కాసేపు గోడ పట్టుకుని నిలబడింది. "వదిలేస్తారా అయితే?"

"నువ్వు ఎగరకుండా వదుల్తానా?"

ఆ వారమే దుకాణంలో తూకపు రాళ్ళు మాయమవడం మొదలైంది. కిలో రాయి పోయింది. రెండు కిలోలది, ఐదు కిలోలది పోయాయి. ఆఖరికి అరకిలోను కూడా వదల్లేదు.

"పాత ఇనుము కొట్లో ఇనుము పోయిందంటే విన్నవాళ్ళు నవ్విపోతారు," అంది ఆమె. "కొత్తవి కొనుక్కోండి."

తుక్కు తెచ్చేవాళ్ళందరి మీదా కొన్నాళ్ళు కన్నేసి, విసుగెత్తి కొత్తవి కొన్నాడు.

చలి ముదిరింది. పైన గాలికి తట్టుకోవాలని ఆమె ఒక దళసరి కోటు కుట్టుకుంది.

"ఎలుగుబంటిలా ఉన్నావే," అన్నాడు.

"ఉంటే ఉన్నాన్లెండి. ఏమండీ, ఒకసారి ఆ మొదటి జతే బిగించి చూడకూడదూ?"

"అది తప్పని తేలిపోయిందిగా."

"నా మాట వినండి ఈ ఒక్కసారికి."

బిగించారు. ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని మెల్లిగా సీటెక్కింది. ముక్కు వాలింది. మొదటిరోజు ఎంతో, సరిగ్గా అంతే.

"మరి అప్పుడెందుకు లేచిందే?"

"మీరు గొలుసు వంకరగా వేసుంటారు."

అతను తలెత్తి గొలుసుకేసి చూశాడు. గొలుసు వేసింది తనే మరి.

ఆమె ఎగిరింది. ఒక్కసారే, క్లబ్బు మైదానం చుట్టూ ఒక్క చుట్టు. అతను బావమరిది భుజం పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

"కళ్ళు తెరు బావా! అక్క చెయ్యూపుతోంది!"

తెరిచాడు. అంత ఎత్తున కూడా ఆమె నవ్వు కనపడినట్టే అనిపించింది.

మర్నాడు ఆమె మంచం దిగలేదు. కడుపులో కణితి ఏడాదిగా మనిషిని తినేస్తోందని, ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసని ఆస్పత్రిలో చెప్పారు. చలికాలం దాటకుండానే ఆమె పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ అతను ఒకటే లెక్క చెప్పాడు.

"నేను గొలుసు సరిగ్గా వేసుంటే వానలు వెలిసిన రోజే ఎగిరేది. ఎన్నిసార్లు ఎగిరేదో! ఉన్న కాస్త ఆయుష్షూ నా చేతి తప్పుతో షెడ్డులో పోగొట్టాను. ఇన్నేళ్ళ బేరాల్లో నాకొచ్చిన నష్టం ఇదొక్కటే. ఇది పూడేది కాదు."

షెడ్డు ఖాళీ చేసే రోజున బావమరిది, మేకుకు తగిలించిన ఆమె కోటు తీయబోయాడు. దాని బరువుకు చెయ్యి ఒక్కసారిగా కిందికి జారింది.

"బావా, ఇలా రా."

అతను వచ్చి, కోటు లోపల వరసగా కుట్టిన జేబులు ఒక్కొక్కటే విప్పి చూస్తే, దుకాణంలో పోయిన తూకపు రాళ్ళన్నీ, ఆ అరకిలోతో సహా, లెక్కకు సరిపోయాయి.